మళ్లీ సంక్రాంతి ఎప్పుడమ్మా?

'డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్, తూర్పు వాకిలి, నీళ్లకు ఇబ్బంది లేదు. స్కూలుకూ పార్కుకూ నడక దూరం. చిన్న కుటుంబానికి మాత్రమే.'

హైదరాబాద్‌లోని వనస్థలిపురంలో ఏ వీధి తిరిగినా ఇలాంటి టులెట్ బోర్డు ఒకటైనా గేటుకు వేలాడుతూ కనిపిస్తుంది. ఇల్లుగలవాళ్లు గొప్పకు రాసుకున్నదేం కాదు. మధ్యతరగతి సంసారానికి నిజంగానే అంతకన్నా ఏం కావాలి? విజయవాడ హైవే పక్కనే కాబట్టి పండక్కి ఊరెళ్లడం తేలిక. రైతుబజారు ఉంది. గుళ్లున్నాయి. 2018 నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కూడా నడుస్తోంది. ఎన్జీవోస్ కాలనీలాంటి పేర్లు వింటేనే తెలిసిపోతుంది... ఉద్యోగస్థులు అప్పోసప్పో చేసి ఒక్కో గదీ కలుపుకుంటూ కట్టుకున్న ఇళ్లని. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు... హైవే దారిపట్టి వచ్చిన జిల్లాలన్నీ ఒకే వీధిలో కాపురం ఉంటాయి. ఒకింట్లో సకినాలు వేగుతుంటే పక్కింట్లో అరిసెల పాకం ఉడుకుతుంటుంది.

కాలనీ పేరులోనే వనం ఉంది. పక్కన నిజంగానే వనం ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది. 1975లో మహావీర్ హరిణ వనస్థలి పేరుతో అభయారణ్యమైంది. తర్వాత జాతీయ పార్కు అయింది. దాదాపు 3,600 ఎకరాలు. కృష్ణజింకలు ఎటు కావాలంటే అటు ఉరకొచ్చు. అడ్డంగా ఏ బండీ రాదు.

జింకపిల్లల సంగతి సరే. మరి మనిషి పిల్లల మాటేమిటి?

మూడు రోజుల ముచ్చట

సూర్యాపేట నుంచి వచ్చిన ఓ కుటుంబం ఆరేళ్ల కిందట అలాంటి టులెట్ బోర్డు చూసే ఇక్కడ దిగింది. ఆయన అకౌంటెంటు. ఆవిడది బ్యాంకు ఉద్యోగం. అప్పుడు మూడేళ్ల పాప ఇప్పుడు నాలుగో తరగతి. మొన్నటి సంక్రాంతికి వాళ్లు ఊరెళ్లలేదు. నాయనమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడే ఇక్కడికొచ్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

భోగి నాటికి వీధి వీధంతా ఖాళీ. కార్లన్నీ పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి ఉంటే, ఇక్కడ రోడ్డు నున్నగా బయటపడింది. ఇంత వెడల్పు రోడ్డు ఇక్కడుందా అనిపించేట్టు! ఊరెళ్లని నలుగురైదుగురు పిల్లలు గేట్లు తీసుకుని బయటికొచ్చారు. నాయనమ్మ కూర్చున్న చోటి నుంచే చెబుతుంటే పాప సుద్దముక్కతో రోడ్డు మీద తొక్కుడుబిళ్ల గళ్లు గీసింది. మగపిల్లలు అటుపక్క క్రికెట్ మొదలెట్టారు. ప్రహరీ దాటితే అవుట్. పూలకుండీకి తగిలితే అవుట్, పైగా తిట్లు అదనం. పొద్దుగూకినా ఎవరూ ఇంట్లోకి రాలేదు. మూడు రోజులు టీవీ రిమోట్ కోసం ఒక్క గొడవ కూడా జరగలేదు.

కనుమ మర్నాడు కార్లు తిరిగొచ్చాయి. ఎదురింటివాళ్ల బండి సరిగ్గా తొక్కుడుబిళ్ల గళ్ల మీద ఆగింది. ఆ సాయంత్రం పాప వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

''మళ్లీ సంక్రాంతి ఎప్పుడమ్మా?''

''ఏడాదికి.''

''అప్పటిదాకా ఎక్కడ ఆడుకోను?''

''పార్కుంది కదరా. ఆదివారం తీసుకెళ్తా.''

''ఆదివారం నీకు బట్టలుతకడం, ఇస్త్రీ ఉంటాయిగా. నేనొక్కదాన్నే పోతా. పక్క వీధే కదా!''

అమ్మ గరిటె ఆగిపోయింది. నాన్న పేపరు దించాడు. పార్కు పక్క వీధిలోనే ఉంది. అందుకే ఈ ఇల్లు తీసుకున్నారు. కానీ ఈ ఆరేళ్లలో పాప అక్కడికి ఒంటరిగా వెళ్లొచ్చన్న ఆలోచన ఆ ఇద్దరికీ ఒక్కసారి కూడా రాలేదు.

భయం ఊరికే పుట్టదు

అమ్మ భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది నడిచివెళ్తున్నవాళ్లే. బళ్లు ఒక్కటే కాదు. 2023 ఫిబ్రవరిలో ఇదే నగరంలోని అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ వార్త చూసిన ఏ తల్లయినా పిల్లల్ని గేటు దాటనిస్తుందా?

అందుకే పొద్దున ఎనిమిదయ్యేసరికి కాలనీలో ఆ హడావుడి. టిఫిన్ డబ్బా, నీళ్లసీసా, సంచీ, ముందొకరు వెనకొకరు. ఆరొందల మీటర్ల దూరంలో ఉన్న బడికి స్కూటర్. దాని వెనక ఇంకో స్కూటర్. దాని వెనక కారు. బడి గేటు ముందు హారన్ల మోత. 'ఇంత రద్దీలో పిల్లని ఎలా నడిపిస్తాం?' అంటారు అందరూ. ఆ రద్దీ ఎవరిదయ్యా అంటే... పిల్లల్ని నడిపించలేక బళ్ల మీద తెచ్చినవాళ్లదే! బళ్లకు భయపడి బండెక్కిస్తున్నాం. ఎక్కించిన ప్రతి బండీ ఇంకో తల్లికి భయం అవుతోంది.

పెద్దపిల్లల తీరు ఇంకోటి. ఎనిమిదో తొమ్మిదో తరగతికి రాగానే అమ్మ స్కూటీ తాళాలు చేతికొస్తాయి. 'పక్కనే కదా' అని ఇద్దరు స్నేహితుల్ని కూడా ఎక్కించుకుంటారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే శిక్ష తల్లిదండ్రులకో, బండి యజమానికో. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ సంగతి తెలిసి కూడా తాళాలిచ్చేవాళ్లున్నారు. నడిచి వెళ్లమనడం కన్నా అదే నయమనిపిస్తోందంటే దారి ఎలా ఉందో ఆలోచించాలి.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకొచ్చింది. అయిదో తరగతి దాకా చదివే పిల్లలకు కిలోమీటరు లోపల, ఆపైన ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలన్నది దాని నిబంధనల్లోని మాట. అంటే చిన్నపిల్లలు నడిచి వెళ్లగలిగే దూరమని. చట్టం దూరం కొలిచింది. ఆ దారిలో పిల్లలు నడవగలరో లేదో ఎవరు కొలవాలి?

పదకొండు సార్లు

''ఏమున్నదిరా ఆ తొవ్వల? పులులున్నయా?'' అంది నాయనమ్మ ఆ రాత్రి. ''నువ్వు గీ వయసుల రెండు మైళ్లు నడిచి బడికి పోయినవు.''

''అప్పుడు ఎడ్లబండ్లు పోయేవమ్మా. ఇప్పుడు వేరు'' అన్నాడాయన.

''ఏది వేరో బిడ్డను తీసుకొని ఒక్కపారి పొయ్యి చూసి రారాదు?''

ఆదివారం పొద్దున్నే తండ్రీకూతుళ్లు బయల్దేరారు. పాప చేతిలో రఫ్ నోట్‌బుక్కు. ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీదికి దిగాల్సి వచ్చినప్పుడల్లా ఎందుకో రాసుకోవాలన్నది నాయనమ్మ పెట్టిన పరీక్ష. రెండో మలుపు తిరిగేసరికి ఆయనకో సంగతి తట్టింది. ఈ వీధిలో రోజూ నాలుగుసార్లు తిరుగుతున్నాడు. అంతా బండి మీదే. ఆరేళ్లలో ఇక్కడ నడవడం ఇదే మొదటిసారి!

బండి మీద కనిపించనివన్నీ కాళ్లకు తగిలాయి. కార్లు ఎక్కించుకోవడానికి ఇంటింటికీ కట్టుకున్న వాలు దిమ్మెలు. ఒకటి మోకాలెత్తు, ఇంకోటి నడుమెత్తు. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్. మందుల షాపు జనరేటర్. రెండంతస్తులు లేస్తున్న ఇంటి ముందు ఇసుక కుప్ప. టిఫిన్ బండి, దాని ముందు బల్లలు. మూత సరిగా పడని మురికికాలువ. మూలన చెత్తకుప్ప, దాని చుట్టూ కుక్కలు. పార్కు ముందరి నాలుగు రోడ్ల కూడలిలో ఏ బండీ నెమ్మదించడం లేదు. స్పీడ్‌బ్రేకర్ ఎప్పుడో అరిగిపోయింది.

నాలుగు నిమిషాల దారికి పదిహేను నిమిషాలు పట్టింది. పార్కు గేటు దగ్గర నోట్‌బుక్కు తీసి చూస్తే మొత్తం పదకొండు. ఆయన జాబితా చదవడం మొదలెట్టాడు. మొదటి అంకె దగ్గరే ఆగిపోయాడు.

'1. మన కారు.'

రెండేళ్ల కిందట కొన్న కారు. గేటు లోపల చోటు లేక బయటే పెడుతున్నారు. ఫుట్‌పాత్ మీద రెండు చక్రాలు, రోడ్డు మీద రెండు. పాప ఇంట్లోంచి వస్తూనే మొదట దిగింది దాని కోసమే.

''నువ్వు రాయమన్నావుగా నాన్నా'' అంది పాప భయంభయంగా.

ఆరడుగుల దారి

ఫుట్‌పాత్ ఎంత ఉండాలో చెప్పేవాళ్లు లేక కాదు. కాలనీ వీధుల్లో సైతం నడిచేవారికి అడ్డంకులేవీ లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగుల దారి వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు 2012లోనే చెప్పాయి. ఇద్దరు పిల్లలు సంచులు తగిలించుకుని కబుర్లాడుకుంటూ వెళ్లేంత. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్లింది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. సరైన ఫుట్‌పాత్‌లు ఉండేలా చూడాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇలాంటి మార్పు ఎక్కడైనా వచ్చిందా అంటే నెదర్లాండ్స్ కథ చెప్పుకోవాలి. ఇప్పుడక్కడ పిల్లలు సైకిళ్ల మీద బడికెళ్లడం చూసి ముచ్చటపడతాం. మొదటి నుంచీ అలా లేదు. 1971లో ఆ చిన్న దేశంలో నాలుగొందల మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. కడుపుకోతకు గురైనవాళ్లు, వాళ్లతో పాటు మామూలు తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. 'పిల్లల హత్యలు ఆపండి' అన్నదే వాళ్ల ఉద్యమం పేరు. రోడ్లకు అడ్డంగా కూర్చున్నారు. కొన్ని వీధుల్ని మూసి పిల్లల్ని ఆడుకోనిచ్చారు. ఇళ్ల మధ్య వీధుల్లో బండి మనిషి నడక వేగంతోనే వెళ్లాలనే పద్ధతికి అక్కడే చట్టంలో చోటు దొరికింది. రోడ్డుకు మలుపులు పెట్టి, మధ్యలో చెట్లు నాటి, బండి వేగంగా పోలేకుండా చేశారు. జపాన్‌ది ఇంకో దారి. అక్కడ చాలాచోట్ల ఒకే పేటలోని పిల్లలు ఓ చోట కలుసుకుని, పెద్ద తరగతి పిల్లలు ముందు నడుస్తుంటే, వరసగా బడికి వెళ్తారు. అమ్మానాన్నలు దింపక్కర్లేదు.

వాలు దిమ్మె పగలగొట్టడం, ట్రాన్స్‌ఫార్మర్ జరపడం ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. కానీ పాప జాబితాలో మొదటి అంకె మాత్రం సొంతిల్లే. ఆ సాయంత్రమే ఆయన మేడమీదకెళ్లి ఇంటివారిని అడిగాడు. ''లోపలి సామాను కాస్త సర్దితే కారు పడుతుందేమో చూద్దామా అంకుల్?'' అని. పాత మంచం, మిగిలిపోయిన టైల్స్, మట్టి ఎండిపోయిన పది కుండీలు. అన్నీ కలిపి ఓ ట్రాలీ ఆటో నిండింది. కారు లోపలికెళ్లింది. అంగుళం అటూ ఇటూ కాకుండా!

మర్నాడు ఎదురింటాయన తన బండిని చూసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. రెండు రోజులకు ఆయనే ఎదర ఖాళీ స్థలంలో పెట్టడం మొదలెట్టాడు. అందరూ అలా మారిపోయారని కాదు. 'మా ఇంటి ముందు మా ఇష్టం' అన్నవాళ్లూ ఉన్నారు. జనరేటర్ ఇప్పటికీ అక్కడే ఉంది.

బంతి ఆటలు నిషేధం

దారి కొంచెం తెరుచుకున్నాక అసలు సమస్య పార్కులో ఎదురైంది. గేటు పక్కనే బోర్డు. 'గడ్డిలో నడవరాదు. బంతి ఆటలు నిషేధం. పది నుంచి నాలుగు వరకు మూసి ఉండును.' పొద్దున వాకర్లు, నవ్వుల క్లబ్బు. సాయంత్రం మళ్లీ వాకర్లు. పెద్దలకూ ఆ చోటు కావాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మరెక్కడ నడుస్తారు? కానీ అయిదు నుంచి పదిహేడేళ్ల వయసు వారు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడి, ట్యూషను, హోంవర్కు పోగా మిగిలే ఆ ఒక్క గంటకు ఉన్న ఒక్క చోట 'నిషేధం' అని రాసుంటే?

అదైనా ఉంది, నయం. లేఅవుట్ కాగితంలో పార్కని చూపించిన చోట గోడలు లేచిన కాలనీలు నగరంలో చాలా ఉన్నాయి. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక పాత లేఅవుట్ పటాలు వెతికి పట్టుకుని పార్కు స్థలం కోసం ఫిర్యాదు చేసిన కాలనీ సంఘాలెన్నో. అంత పోరాడి కాపాడుకున్న స్థలం పిల్లలకు అక్కరకు రాకపోతే ఎలా?

కాలనీ సంఘం సమావేశంలో ఆ మాటే వచ్చింది. ''బంతి తగిలి ఎవరైనా పడితే బాధ్యత ఎవరిదండీ?'' అన్నారు ఓ పెద్దాయన. సబబైన ప్రశ్నే. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న రిటైర్డ్ మాస్టారు లేచారు. తెనాలి వైపు ఆయన. ''ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని కూర్చోబెట్టి చదివించానండీ. ఆడుకోవద్దని మాత్రం ఎప్పుడూ బోర్డు రాయలేదు. సాయంత్రం నేనెలాగూ వస్తాను. కాస్త చూస్తూ ఉంటాలెండి'' అన్నారు.

చివరికి ఒప్పందం కుదిరింది. అయిదు నుంచి ఆరున్నర దాకా మధ్యలోని జాగా పిల్లలది. మెత్తటి బంతే వాడాలి. చుట్టూ ఉన్న దారి నడిచేవాళ్లది. బంతి దారి మీదికొస్తే పిల్లలు ఆగి, పెద్దలు వెళ్లాకే తీసుకోవాలి. రెండో రోజే ఓ బంతి దొర్లుకుంటూ వచ్చింది. బాధ్యత ఎవరిదని అడిగిన పెద్దాయనే దాన్ని కాలితో తన్ని వెనక్కి పంపారు. ''మా రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేవాణ్నయ్యా'' అన్నారు పక్కాయనతో.

చెత్తకుప్ప గురించి సంఘం తరఫున అర్జీ వెళ్లింది. రోజూ ఎత్తుతుండటంతో అక్కడ కుక్కలు గుమికూడటం తగ్గింది. కూడలిలో స్పీడ్‌బ్రేకర్ కోసం రెండో అర్జీ నడుస్తోంది. మొదట్లో ఓ వారం మాస్టారు వీధి చివర నిలబడితే, అయిదుగురు పిల్లలు పోగై ఆయన వెంట వెళ్లారు. తర్వాత వాళ్లలో వాళ్లే వెళ్లడం అలవాటైంది. కుక్క కనిపిస్తే పరిగెత్తకూడదనీ, కూడలి దగ్గర బండ్లు ఆగేదాకా ఆగాలనీ పెద్దపిల్లలు చిన్నవాళ్లకు నేర్పారు.

ఇంకా నాలుగు

ఓ శుక్రవారం జతగాళ్లెవరూ రాలేదు. ఒకరికి జ్వరం, ఇద్దరు పెళ్లికెళ్లారు. పాప చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

''నేనొక్కదాన్నే వెళ్లనా?''

అమ్మ ఆ రోజు తొందరగా ఇంటికొచ్చింది. 'నేనూ వస్తా పద' అనబోయింది. నాయనమ్మ వరండాలోంచి చూసింది. అమ్మ ఆగింది. ''ఆరున్నరకల్లా వచ్చేయాలి'' అని మాత్రం అంది.

పాప గేటు దాటింది. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది.

''నువ్వు గట్ల నిలబడితే ఆమె ఒక్కతే పోయినట్టెట్లయితది? లోపలికి రా బిడ్డా'' అంది నాయనమ్మ.

అమ్మ లోపలికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టింది. ఆరున్నరయింది. ఆరూ ముప్ఫయ్యయిదు. ఆరూ నలభై. చెయ్యి కడుక్కుని బయటికి రాబోతుండగా గేటు చప్పుడైంది. పాప మోకాళ్లకు మట్టి, చేతిలో ఓ చెప్పు.

''చెప్పు తెగిందమ్మా. అందుకే మెల్లగా నడిచొచ్చా.''

అమ్మ ఏమీ అనలేదు. పాప తల మీద చెయ్యి వేసి కాసేపలాగే నిలబడింది. నాయనమ్మే అడిగింది.

''ఎన్నిసార్లు రోడ్డు మీదికి దిగినవే?''

''నాలుగు.''

''ఇంకా నాలుగున్నయా?''

పాప లోపలికెళ్లి రఫ్ నోట్‌బుక్కు తెచ్చింది. పదకొండు అని రాసిన పేజీ తీసి, కింద ఆ రోజు తారీఖు వేసి, 4 అని రాసుకుంది. ఆ పక్కనే బ్రాకెట్లో 'జనరేటర్ అంకుల్‌తో నాన్న మాట్లాడాలి' అని రాసి తండ్రి కోసం టీవీ మీద పెట్టింది.